డిస్కు తెరుచుకోని నవంబర్

నవంబర్ 1, మంగళవారం

సమాధుల పండగ. అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి దీపాలు పెట్టాం. గేటు దాటాక చిన్న ఎత్తు ఉంది. నాన్న మధ్యమధ్యలో ఆగాడు. ఆగిన ప్రతిచోటా, ఆగింది అందుకే అన్నట్టు, దగ్గరున్న రాతి మీద పేరు చదివాడు.

"ఇతన్ని చూడు, నాకంటే చిన్నోడు."

"పద నాన్నా, చీకటి పడుతోంది."

"ఉండవే. పండగ రోజు ఎవరో ఒకరు చదవాలిగా వీళ్ళని."

పెదవులు నీలంగా ఉన్నాయి. చలి వల్ల.

చలి వల్లే.

నవంబర్ 3, గురువారం

క్రాకోవ్ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇరవై ఎనిమిదో తారీకు, సోమవారం చేరాలట. గుండెలో కవాటం మారుస్తారు. నాన్న వంటింట్లో నిలబడి మాట్లాడాడు. అంతా విని, "ఆ రోజు నాకు పనుందండీ," అన్నాడు.

సెప్టెంబరులో ఇచ్చిన తారీకుకి ప్లమ్ పళ్ళ జామ్ కాయడం అడ్డం వచ్చింది. మేమిద్దరం ఆ జామ్ వచ్చే ఏడాదికి కూడా తిని అవగొట్టలేం.

ఫోన్ లాక్కున్నాను. నాకు ఫోన్‌లో మాట్లాడడం రాదు. ఎవరితో అయినా మొదటి మాట గొంతులోనే ఉండిపోతుంది. నర్సు నన్ను ఆదుకుంది. ఈసారి తప్పితే వరుసలో చివరికి పోతారని, మళ్ళీ పిలుపు వచ్చే శరత్కాలానికని, ఆ కవాటం అంతదాకా ఆగదని డాక్టరు చెప్పమన్నారని, నేను రాసుకుంటున్నానేమో అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. నేను రాసుకోలేదు.

"ఏం పని నాన్నా నీకు ఇరవై ఎనిమిదిన?"

"కంప్యూటర్."

పోయిన వారం నేలమాళిగలోంచి పాత కంప్యూటర్ పైకి తెప్పించాడు. మోసింది నేను. పసుపుపచ్చగా మారిపోయిన డబ్బా, టేబుల్ సగం ఆక్రమించి కూర్చుంది.

"అది ఆగుతుంది."

"నేను ఆగను. ముప్పై ఏళ్ళు సిగ్నళ్ళు బాగుచేశాను. లోపం విప్పి సగంలో వదిలేసి డ్యూటీ దిగినోడు మా రైల్వేలో ఎవడూ లేడు. ఇది నడిచాక చూద్దాం."

అంటే ఇది నడవాలి. ఇరవై ఎనిమిదిలోపు నడవాలి. అంతే కదా.

నవంబర్ 5, శనివారం

డబ్బా విప్పాం. బోర్డు మీది చిన్న బ్యాటరీ ఎప్పుడో కారిపోయి, చుట్టూ ఆకుపచ్చ బూజులా పట్టేసింది. రాగి దారులు తినేసింది. బోర్డు పనికిరాదు.

డిస్కు బాగానే ఉంది. అరచేతిలో పట్టే ఇనుప ఇటుక. ఓడల ఆట అందులో ఉంది. నాకు ఎనిమిదేళ్ళప్పటి చలికాలం, రోజూ సాయంత్రం నాన్న అమ్మని చూసి ఆస్పత్రి నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా నా పక్కన కూర్చునేవాడు. బాల్టిక్ రేవుల మధ్య ఉప్పు, మైనం, హెరింగ్ చేపలు తిప్పేవాళ్ళం. అమ్మ పోయాక ఆ కంప్యూటర్ ఎవరూ ఆన్ చేయలేదు. కొన్నాళ్ళకి నేలమాళిగలోకి వెళ్ళింది.

అదే క్రాకోవ్ ఆస్పత్రి. ఇప్పుడు వేరే అంతస్తు.

నవంబర్ 6, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక సంతకి వెళ్ళాం. పాత సామాన్ల వరుస చివర గెర్వాజీ గారు ఎప్పటిలాగే కారు డిక్కీ తెరిచి, అందులోనే కూర్చుని ఉన్నాడు. ఆయనకి నాన్న సైన్యం రోజుల నుంచీ తెలుసు.

"రావయ్యా విటోల్డ్. ఇంకా బతికే ఉన్నావా?"

"నీ సామాను కంటే నయం."

"నా సామాను నడుస్తుంది. నువ్వు గేటు దగ్గర్నుంచి ఇక్కడికి రావడానికి పోప్ ఊరేగింపంత సేపు పట్టింది. చూస్తూనే ఉన్నా." నా వైపు తిరిగాడు. "ఏమ్మా లైబ్రరీ అమ్మాయ్, సిస్టర్ల బడిలో మాట్లాడ్డం నేర్పలేదా?"

"నేర్పారండీ," అన్నాను.

"ఇదిగో, మాట్లాడింది. ఈ ఏటికి సరిపోయింది."

బోర్డు దొరికింది. మా పాతదాని కంటే ఒకటి రెండేళ్ళు కొత్తది. బ్యాటరీ కారలేదు. నాన్న దాన్ని రొట్టె చూసినట్టు వాసన చూసి తీసుకున్నాడు.

నవంబర్ 8, మంగళవారం

స్క్రీన్ వెలిగింది. డిస్కు లేదంటోంది.

నవంబర్ 9, బుధవారం

డిస్కు వెనక చిన్న పిన్నులుంటాయి. వాటిలో ఏ రెండింటికి చిన్న ప్లాస్టిక్ టోపీ తొడిగితే దాన్నిబట్టి అది మాస్టరో స్లేవో అవుతుంది. ఒకే తీగ మీద సీడీ డ్రైవు, డిస్కు రెండూ మాస్టర్లుగా కూర్చున్నాయి. అందుకని ఏదీ పలకలేదు.

"మఠంలో ఇద్దరు మదర్ సుపీరియర్లు ఉన్నట్టు," అన్నాను.

నాన్న నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడి, కూర్చున్నాడు. నేను సీడీ డ్రైవు టోపీ మార్చాను. నా గోళ్ళు పొడుగ్గా ఉండవు, పట్టకారు వాడాను.

డిస్కు కనిపించింది, పేరుతో సహా. కాని ఫ్లాపీతో మిషన్ లేపి లోపల ఏముందని అడిగితే, చదవడం కుదరదంటోంది. డిస్కు ఉంది. అందులో మాకు తెలిసినదేదీ లేదు.

"డిస్కు నుంచే నేరుగా లేపి చూద్దామా?" అన్నాను.

"వద్దు. పాత డిస్కు. నేరుగా లేపితే ఉన్నదీ పోతుంది. ముందు ఫ్లాపీ. ఎప్పుడైనా ముందు ఫ్లాపీ."

సరే. ఆయనకి తెలుసు.

నవంబర్ 11, శుక్రవారం

స్వాతంత్ర్య దినం సెలవు. బయట జెండాలు, బ్యాండు. మేము తీగ మార్చాం. కరెంటు తీగ మార్చాం. డిస్కు కొలతలు ఆటోమేటిక్‌గా వదిలి చూశాం, చేత్తో వేసి చూశాం. ప్రతిసారీ అదే మాట.

నాన్న సాయంత్రం హాయిగా ఉన్నాడు. నిమ్మకాయ టీ రెండు గ్లాసులు తాగి ఓడల గురించి మాట్లాడాడు. మన ఓడ పేరు గుర్తుందా అని అడిగాడు. నాకు గుర్తుంది. తనకి గుర్తుందో లేదో చూద్దామని గుర్తులేదన్నాను. తనే చెప్పాడు. "దనుష్యా." అమ్మ ముద్దు పేరు.

ఈ మధ్య నాకు బాగా నిద్ర పడుతోంది. పని చేసి అలసిపోవడం వల్ల అయ్యుంటుంది.

నవంబర్ 13, ఆదివారం

మళ్ళీ గెర్వాజీ గారు. ఈసారి నాన్న కారులోనే కూర్చుని నన్ను పంపాడు. ఆయన నా వెనక మా కారు వైపు చూశాడు.

"దిగలేదా మీ నాన్న?"

"చలిగా ఉందండీ."

"చలా." డిక్కీలో వెతికాడు. తర్వాత ఇంకో తీగ ఇచ్చాడు. "ఆ డిస్కు తుడిచేసి మళ్ళీ మొదలెట్టండమ్మా. లేదా నా దగ్గర ఇంకోటి ఉంది, తీసుకెళ్ళు. ఆట కూడా ఎక్కిస్తా. ఆటే కదా."

"ఆ ఆట కాదండీ. మా ఆట."

ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడలేదు నేను. ఆయన చేతులు పైకెత్తాడు. "సరే తల్లీ. మీ ఆటే."

నవంబర్ 15, మంగళవారం

లైబ్రరీలో మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, పాత కంప్యూటర్ల వాళ్ళ ఫోరంలో అడిగాను. రాయడమైతే నాకు భయం లేదు. ఒకాయన వెంటనే జవాబిచ్చాడు: డిస్కు మొట్టమొదటి గడి చెడిపోయి ఉంటుంది, దాన్ని కొత్తగా రాసే ఒక ఆదేశం ఉంది, ఒక్క లైను కొడితే చాలు.

రాత్రి భోజనమయ్యాక ఆ లైను కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టాను. నాన్న చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"అది వద్దు."

"నువ్వేగా నాన్నా, ఆ డిస్కు చచ్చిపోయిందేమో అన్నావు."

"చచ్చినోళ్ళకైనా కాస్త మర్యాదుంటుంది. తీసెయ్."

ఒక్కో అక్షరమే చెరిపేశాను. ఆయన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. చల్లగా ఉంది.

ఎందుకు వద్దో నేను అడగలేదు.

నవంబర్ 16, బుధవారం

వాన. ఏమీ చేయలేదు.

నవంబర్ 19, శనివారం

మెట్లెక్కుతూ నాన్న రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాడు, మెట్టు మీదే. దిగుతున్న పక్కింటావిడ సంచీ కింద పెట్టి నిలబడింది.

"ఏం విటోల్డ్ గారూ, మెట్లు లెక్కపెడుతున్నారా?"

"తక్కువ పడ్డాయేమో చూస్తున్నానండీ. మున్సిపాలిటీ వాళ్ళని నమ్మలేం."

ఆవిడ నవ్వింది. నవ్వుతూ నా మొహం చూసి, నవ్వు ఆపింది.

ఇంట్లోకి వచ్చాక అడిగాను. "వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం నాన్నా. ఏం చెప్పమంటావు వాళ్ళకి?"

"నడిచిందా అది?"

"లేదు."

"మరి ఏం చెప్తావు."

గట్టిగా అరవాలనిపించింది. అరవడం నాకు రాదు. గిన్నెలు కడిగాను.

నవంబర్ 20, ఆదివారం

పూజ తర్వాత నాన్నని ఇంట్లో దింపి, ఊరి చివర మఠానికి వెళ్ళాను. సిస్టర్ క్లెమెన్సా ఇప్పుడు అక్కడే విశ్రాంతిగా ఉంటోంది. మాకు బడిలో లెక్కలు, కంప్యూటర్ చెప్పేది. తరగతిలో ఎవరైనా మౌస్ గట్టిగా కొడితే ఆ మౌస్‌కి క్షమాపణ చెప్పించేది. ఆవిడ దగ్గరికి వెళ్ళాలని ముందే తట్టి ఉండాల్సింది. తట్టిందేమో.

వేడినీళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"సలోమేయా. కూర్చో. చిక్కిపోయావు. ఎవరినైనా ప్రేమించావా, లేక పుస్తకాలేనా?"

"డిస్కు తెరుచుకోవడం లేదు సిస్టర్."

"అదీ ఒక రకమే. చెప్పు."

చెప్పాను. పాత బోర్డు చచ్చిపోయింది, కొత్తది పెట్టాం, ఫ్లాపీతో లేపుతున్నాం, డిస్కు కనిపిస్తుంది కాని లోపల చెత్తలా ఉంది. ఆవిడ మధ్యలోనే చెయ్యెత్తింది.

"ఫ్లాపీ ఎందుకు?"

"ముందు ఫ్లాపీతోనే లేపాలి కదా."

"మంచి అలవాటే. అందరూ అదే చేస్తారు, ఈ డిస్కులతో అందరూ అక్కడే బోర్లా పడతారు. విను. ఆ రోజుల్లో పాత బోర్డులకి పెద్ద డిస్కు మొత్తం కనపడేది కాదు. గుడ్డివి పాపం. అందుకని డిస్కు మొట్టమొదట్లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టేవాళ్ళం. మిషన్ లేవగానే ముందు అది లేచి, మిగతా డిస్కు ఎలా చదవాలో చెబుతుంది. మీరేమో ఫ్లాపీతో లేపి, దాన్ని పడుకోబెట్టేస్తున్నారు. అది చెప్పకపోతే ఎవరికైనా చెత్తే కనిపిస్తుంది."

"అయితే ఫ్లాపీ తీసేస్తే..."

"తీసెయ్. డిస్కు నుంచే లేవనీ. అంతే. మొదటి గడిని మాత్రం ముట్టుకోలేదు కదా? అది రాసేస్తే ఆ ప్రోగ్రాం పోతుంది."

"లేదు. నాన్న ఆపాడు."

"ఆపక? ఆయనకి తెలీదా ఏంటి." సంచీ సర్దుకుంది. "మన బడి కంప్యూటర్లన్నిటికీ ఆ ప్రోగ్రాం పెట్టింది మీ నాన్నే కదమ్మా. శనివారాలు వచ్చేవాడు. నాకు నేర్పింది కూడా ఆయనే. పాపం, తొందర తొందరగా చెప్పేవాడు, మధ్యాహ్నం రైలుకి క్రాకోవ్ వెళ్ళాలని. మీ అమ్మ దగ్గరికి."

ఆవిడ నా మొహం చూసింది. లెక్క తప్పు చేసినప్పుడు చూసేది అలాగే, తప్పు ఎక్కడుందో చెప్పకుండా.

"ఎప్పుడు ఆపరేషన్?" అంది.

ఆపరేషన్ సంగతి నేను చెప్పలేదు. ఊరు చిన్నది.

"వారంలో."

"సరే. నీకు భయమా?"

"డిస్కు గురించే వచ్చాను సిస్టర్."

"అవునవును," అంది ఆవిడ. "డిస్కు గురించే."

నవంబర్ 21, సోమవారం

ఆయనకి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఎప్పుడైనా ముందు ఫ్లాపీ.

కోపం రావాలి. రాత్రంతా దానికోసం ఎదురుచూశాను, రాలేదు. వచ్చిందల్లా ఇంకోటి. ఈ నవంబరులో డిస్కు తెరుచుకోని రాత్రులన్నీ నేను హాయిగా నిద్రపోయాను. తీగలు మార్చాను, టోపీలు మార్చాను, ఊరూపేరూ తెలియనివాళ్ళని అడిగాను, సిస్టర్ ఉన్నది మాత్రం ఊరి చివర, సైకిల్ మీద వెళ్ళొచ్చు. డిస్కు తెరుచుకోనంత కాలం ఎవరూ క్రాకోవ్ వెళ్ళనక్కరలేదు.

ఇద్దరం కలిసే బాగుచేస్తూ వచ్చాం దాన్ని, బాగుపడకుండా.

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

నవంబర్ 22, మంగళవారం

చెప్పలేదు.

నవంబర్ 23, బుధవారం

పొద్దున్నే చేశాను, లైబ్రరీకి వెళ్ళేముందు. నాన్న ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఫ్లాపీ బయటికి తీశాను. చప్పుడు విని తలెత్తాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి ముందు డిస్కు అని పెట్టాను. ఆయన వద్దనలేదు.

నల్ల తెర మీద పైన ఒక వరుస తెల్లని అక్షరాలు వచ్చాయి. ఆ చిన్న ప్రోగ్రాం లేచింది. ఆ తర్వాత అన్నీ వరసగా వచ్చేశాయి, నిన్ననే ఆపినట్టు. నేను ఆట పేరు కొట్టాను. పాత ఆటలు కొనసాగించాలా అని అడిగింది. ఒకే ఒక్క ఆట ఉంది. తెరిచాను.

మా ఓడ గ్దాన్‌స్క్ రేవులో ఉంది, నిండా ఉప్పుతో. నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కాసేపు చూశాడు.

"ఎవరు చెప్పారు?"

"సిస్టర్ క్లెమెన్సా."

"ఆవిడ ఇంకా ఉందా."

"ఉంది. నువ్వు తొందర తొందరగా నేర్పేవాడివట."

టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. నేను ఆయన వైపు చూడలేదు, ఆయన నా వైపు చూడలేదు, ఇద్దరం ఆ ఓడనే చూశాం.

"గోధుమరంగు సంచీ ఎక్కడుంది?" అన్నాడు.

"అలమారా పైన."

"దింపు. నేను ఎత్తకూడదన్నారుగా."

ఇలా అన్నది ఇదే మొదటిసారి, ఎత్తకూడదన్నారని.

నవంబర్ 28, సోమవారం

చేర్పించాను. ఆస్పత్రి ముందు తలుపు దగ్గర నర్సు ఆయన సంచీ తీసుకుంది. నాన్న తాళాలు నా చేతిలో పెట్టాడు. రైల్వేలో డ్యూటీ మారేటప్పుడు అనే మాటలు నాకు చిన్నప్పుడే నేర్పాడు, ఆడుకోవడానికి.

"అప్పగిస్తున్నాను," అన్నాడు.

"లోపాలేమైనా?"

"ఒకటుంది. పైవాళ్ళు చూస్తున్నారు."

"తీసుకున్నాను," అన్నాను.

మామూలుగా అక్కడితో అయిపోతుంది. ఆయన వెళ్ళలేదు. నా కోటు పైబొత్తాం పెట్టాడు. "మీ అమ్మని ఈ తలుపులోంచే లోపలికి తీసుకెళ్ళాను సాల్కా," అన్నాడు, నా చిన్నప్పటి ముద్దు పేరుతో. తర్వాత వెళ్ళాడు.

నవంబర్ 30, బుధవారం

పొద్దున్నే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారట.

లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాలు అతికించాను. ఫోన్ రాలేదు.

భోజనం తినలేదు. ఫోన్ రాలేదు.

ఒక పుస్తకం తలకిందులుగా అతికించాను. ఫోన్ రాలేదు.

వచ్చింది. బాగానే ఉన్నాడు. కవాటం పనిచేస్తోంది. బాగానే ఉన్నాడు.

డిసెంబర్ 1, గురువారం

నిద్రపోయాను. బూట్లతోనే.

డిసెంబర్ 6, మంగళవారం

నాన్నని మామూలు వార్డుకి మార్చారు. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, ఒళ్ళో దిండు గట్టిగా పట్టుకుని, పక్క మంచం ఆయనతో సూపులో ఉప్పు లేదని వాదిస్తున్నాడు. దగ్గు వచ్చినా నవ్వు వచ్చినా ఆ దిండుని ఛాతీకి అదుముకోవాలట, కుట్లు కదలకుండా.

పక్కాయన చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. నన్ను చూసి, "ఓడ కెప్టెన్ గారు వచ్చారు," అన్నాడు. నాన్న అంతా చెప్పేసినట్టున్నాడు.

అంతా చెప్పలేదు. ఆర్గన్ ఆయన్ని పరీక్షకి తీసుకెళ్ళాక, నాన్న దిండు వైపు చూస్తూ అన్నాడు.

"నీకు తెలుసు కదా."

"ఏం?"

"నాకు తెలుసని."

"తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని."

నవ్వొచ్చింది ఆయనకి. దిండు అదుముకున్నాడు. "నవ్వించకే, చస్తాను," అన్నాడు. అని, తనన్న మాట తనే విని ఇంకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడింది, మందులు వేసుకోనందుకు కాదు, గోల చేస్తున్నందుకు. నా జీవితంలో గోల చేసినందుకు నన్నెవరూ ఎప్పుడూ కోప్పడలేదు.

తర్వాత ఆయన్ని నడిపించింది. నేను ఒక పక్క, ఆవిడ ఒక పక్క. నాన్న చెప్పులు నేలకి ఈడ్చుకుంటూ, వరండా తనదే అన్నట్టు వెళ్ళాడు. మధ్యలో ఆవిడ ఆగుదామా అంది. "ఎందుకండీ?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

ఇంటికి రైల్లో వచ్చాను. ఎదురు సీట్లో ఒకాయన పేపరు చదువుతున్నాడు. నేను రైళ్ళలో ఎవరితోనూ మాట్లాడను.

"మా నాన్న ఇవాళ నడిచాడండీ," అన్నాను.

ఆయన పేపరు మీంచి చూశాడు. "మంచిదమ్మా," అని మళ్ళీ చదువుకున్నాడు.

బోఖ్న్యా స్టేషన్ దాటింది. పొలాల మీద మంచు మొదలైంది. ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను.

"గుండె ఆపరేషన్ అయిందండీ. ఇవాళే నడిచాడు."

ఆయన ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎంత దూరం నడిచారేంటి?"

"వరండా చివర కిటికీ దాకా," అన్నాను. "వెళ్ళి, వెనక్కి కూడా వచ్చాడు."